మేం వచ్చేదాకా స్టార్ట్ చేయకండి

పాత కారు కొంటున్నామని సలహా అడిగిన ప్రతి ఒక్కరికీ నేను ముందు చెప్పేది ఒకటే. చూడ్డానికి బయల్దేరే ముందు అమ్మేవాళ్లకు ఫోన్ చేసి, ‘మేం వచ్చేదాకా బండి స్టార్ట్ చేయకండి’ అనండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా తగిలితే గొడవేం పడక్కర్లేదు, రేపు పొద్దున్నే వస్తామని చెప్పి వచ్చేయండి.

రాత్రంతా ఆగిన ఇంజన్‌లో ఆయిలంతా కిందికి దిగి ఉంటుంది. బ్యాటరీ నీరసంగా ఉంటే సెల్ఫ్ కొట్టినప్పుడే తెలిసిపోతుంది. వాల్వ్ సీళ్లు పోయిన బండైతే మొదటి నిమిషంలోనే సైలెన్సర్‌లోంచి నీలం పొగ వదులుతుంది. ఇంజన్ ఆయిల్ తాగుతోందనడానికి అదే గుర్తు. చలికాలం పొద్దున కాస్త తెల్లటి ఆవిరి వస్తే భయపడక్కర్లేదు. ఇంజన్ వేడెక్కాక కూడా చిక్కటి తెల్లపొగ ఆగకపోతే మాత్రం కూలెంట్ లోపలికి పోతోందని అనుమానించాలి. మనం వచ్చేలోగా అరగంట తిప్పి ఉంచిన కారులో వీటిలో చాలామటుకు కనపడవు.

మనవాళ్లు టెస్ట్ డ్రైవ్‌ను చివర్లో చేసే లాంఛనంగా చూస్తారు. రంగు నచ్చుతుంది, పిల్లలు వెనక సీట్లో ఎక్కి కూర్చుంటారు, బేరం సగం తెగిపోతుంది. ఆ తర్వాత ‘ఒక రౌండ్ వేసొద్దాం’ అంటారు. అప్పటికే మనసు ఒప్పేసుకుంది, ఇక చెవికేం వినపడుతుంది? ధర మాట ఎత్తకముందే నడిపి చూడాలి. పిల్లల్ని ఆ పూటకు ఇంట్లో ఉంచాలి.

ఇంకో అలవాటు కూడా చేసుకున్నాను. స్టీరింగ్ ముందు నేను పట్టుకోను. అమ్మే ఆయన్నే నడపమని, వెనక సీట్లో కూర్చుంటాను. చక్రాల బేరింగ్ హోరు, వెనక షాక్ అబ్జార్బర్ల చప్పుడు అక్కడ బాగా వినపడతాయి. అంతకన్నా ముఖ్యం, ఆయన కాళ్లూ చేతులూ ఎలా పనిచేస్తున్నాయో కనపడుతుంది. క్లచ్ మీంచి కాలు తియ్యకుండా నడిపే మనిషి ఇన్నేళ్లూ అలాగే నడిపి ఉంటాడు. స్పీడ్ బ్రేకర్ మీదికి స్పీడు తగ్గించకుండా ఎక్కిస్తే ఆ బండి కింద బుష్‌లు ఏ స్థితిలో ఉంటాయో ఊహించుకోవచ్చు. ‘ఫస్ట్ ఓనర్ అండీ, చాలా జాగ్రత్తగా వాడారు’ అన్న బ్రోకర్ మాటకన్నా ఆ పది నిమిషాలే నేను నమ్ముతాను.

తాళం మన చేతికొచ్చే ముందు ఇన్సూరెన్స్ కాగితం అడగండి. థర్డ్ పార్టీ బీమా లేని బండిని రోడ్డెక్కించడానికి 1988 నాటి మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ ఒప్పుకోదు. కొనక ముందే ఎవరికైనా తగిలితే ఆ తలనొప్పి మనదే.

నడిపేటప్పుడు పాటలు, ఏసీ, మాటలు మూడూ ఆపాలి. మాటలు ఆపించడమే కష్టం, కాని మర్యాదగా అడిగితే ఆగుతారు. మూడో గేర్లో నెమ్మదిగా పోతూ ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కండి. ఇంజన్ అరిచినంతగా బండి కదలకపోతే క్లచ్ ప్లేట్ జారుతున్నట్టే. ఖాళీ స్థలం చూసి స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా గుండ్రంగా తిరగండి, ముందు చక్రాల దగ్గర టకటకలాడితే యాక్సిల్ జాయింట్ అరిగింది. వెనక ఎవరూ లేనప్పుడు గట్టిగా బ్రేక్ వెయ్యండి, బండి ఒక పక్కకు లాగినా పెడల్ అదిరినట్టు అనిపించినా మెకానిక్‌తో చెప్పండి. ఏసీని చివర్లో, బండి ఆగి ఉన్నప్పుడు వేసి చూడండి. విజయవాడ మే నెలలో సిగ్నల్ దగ్గర చల్లబరచని ఏసీ ఉన్నా లేనట్టే.

చాలామంది హైవే ఎక్కించి వంద దాటించి చూస్తారు. నాకది నచ్చదు. వంద దగ్గర టైర్ల మోత, గాలి హోరు కలిసి అన్నిటినీ కప్పేస్తాయి. కాలనీ గతుకుల రోడ్డులో ఇరవై స్పీడులో పోతే లింక్ రాడ్లు, బుష్‌లు, స్టీరింగ్ ర్యాక్ అన్నీ బయటపడతాయి. హైవే వద్దనను. వీల్ బ్యాలెన్సింగ్ సంగతి అక్కడే తెలుస్తుంది. కాని ముందు గతుకులు, తర్వాతే హైవే.

2024 సెప్టెంబర్‌లో విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. వాటిలో ఎన్నో బళ్లు మునిగాయి. ఆ తర్వాత కొన్నాళ్లకు బంధువుల కోసం ఒక కారు చూడ్డానికి ఆటోనగర్ మేస్త్రి ఒకాయన్ని వెంట తీసుకెళ్లాను. పాలిష్ తళతళలాడుతోంది, లోపల సెంటు వాసన గుప్పుమంది. ఆయన ఇంజన్ వైపు వెళ్లలేదు. డోర్ తీసి సీట్ బెల్ట్ పట్టుకుని, మనం రోజూ లాగేంత వరకు కాదు, ఇక రానంత వరకూ లాగారు. చివరి జానెడు మేర బెల్ట్ మట్టి రంగులో, అట్టలా బిగుసుకుని ఉంది. ‘సెంటు ఎందుకు కొట్టారో తెలిసిందా అండీ’ అన్నారు. తర్వాత సీటు కింద పట్టాల మీద గోటితో గీకితే తుప్పు రాలింది. ఆ కారును మేం స్టార్ట్ కూడా చేయలేదు. మునిగిన బండి ఆ రోజు చక్కగానే నడవచ్చు. వైర్ల జాయింట్లలో చిలుము పట్టి, ఎప్పుడో నడిరోడ్డు మీద ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతుంది, లేదా బండే ఆగిపోతుంది. మరమ్మతు చేయించానని అమ్మే మనిషి నిజాయితీగా చెప్పినా సరే, నేను ఆ బండి కొనమని ఎవరికీ చెప్పను.

మీటర్ కిలోమీటర్లను నమ్మొద్దు. డిజిటల్ మీటర్‌ను కూడా వెనక్కి తిప్పుతారు. ముప్పై వేలు తిరిగిందంటున్న కారులో బ్రేక్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి, స్టీరింగ్ తోలు మెరుస్తుంటే సర్వీస్ రికార్డు అడగండి. టైరు పక్కన ఉండే నాలుగంకెలు కూడా చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని.

పాత కారంటే లోపాలుంటాయి. క్లచ్, బుష్‌లు, బ్రేక్ ప్యాడ్లు మార్పించుకోవచ్చు. ఆ ఖర్చు మెకానిక్‌తో లెక్క కట్టించి ధరలోంచి తగ్గించమని అడగండి, చాలామంది ఒప్పుకుంటారు. వరదలో మునిగిన బండి, ఛాసిస్ దెబ్బతిన్న బండి, ఛాసిస్ నంబరు ఆర్‌సీతో కలవని బండి మాత్రం ఎంత తగ్గించినా వద్దు.

అమ్మేవాళ్లకూ ఒక విన్నపం. ఎదుటి మనిషి ఎన్నాళ్లో కూడబెట్టిన డబ్బు పెడుతున్నాడు, కంగారు పెట్టకుండా నడిపి చూసుకోనివ్వండి. కొనేవాళ్లు కూడా గట్టిగా ఉండండి. చల్లటి ఇంజన్‌తో బండి చూపించనన్నా, అరగంట నడపనివ్వనన్నా ఆ కారు కొనకండి.