ఉండవల్లి గుహాలయం: శిల్పం, వాస్తువు, కర్తృత్వ వివాదం

పల్నాడు జిల్లాలో నూజెండ్లకు పొరుగున ఉన్న వినుకొండకు దక్షిణ భారత గుహాలయాల చర్చలో ఒక విశిష్ట స్థానం ఉంది. ఆ స్థానం అక్కడి శిల్పం వల్ల వచ్చింది కాదు, ఊరి పేరు వల్ల వచ్చింది. చిక్కుళ్ల తామ్రశాసనాన్ని పరిష్కరించిన కీల్‌హార్న్ ‘విష్ణుకుండి’ అనే వంశనామాన్ని వినుకొండతో ముడిపెట్టాడు. అనంతరం 20వ శతాబ్ది రెండో దశాబ్దంలో జువో దుబ్రాయ్ ఉండవల్లి గుహలను విష్ణుకుండినుల నిర్మాణాలుగా భావించి, పల్లవ మహేంద్రవర్మ తన గుహాలయ కళకు ప్రేరణను కృష్ణాతీరం నుండే పొందాడని ప్రతిపాదించాడు. ఈ రెండు ప్రతిపాదనలూ కలిసి నేటి పాఠ్యపుస్తకాలలో ఒకే వాక్యంగా స్థిరపడ్డాయి: ఉండవల్లి విష్ణుకుండినులది. ఈ వాక్యం ఏ ఆధారాల మీద నిలిచి ఉందో, ఆలయ వాస్తువు దానికి ఎంతవరకు సాక్ష్యం పలుకుతుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పేరు చెప్పే సాక్ష్యం

విష్ణు శబ్దానికి తెలుగులో స్థిరపడిన తద్భవం ‘వెన్నుడు’. ‘వినుకొండ’లోని ఏకనకారం, ఇకారం ఈ మార్గంలో నేరుగా సిద్ధించవు. స్థానికులు చెప్పే వ్యుత్పత్తి వేరు: సీతాపహరణ వార్తను రాముడు విన్న కొండ కనుక వినుకొండ. ఇది జనవ్యుత్పత్తి, చారిత్రక ఆధారం కాదు. అయితే ఊరి పేరులోని మొదటి పదాన్ని తెలుగువారు ‘విను’ ధాతువుగానే గ్రహించారని మాత్రం ఇది తెలుపుతుంది. దేశీయ గ్రామనామాన్ని సంస్కృత శాసన రచయిత విష్ణుపరంగా సంస్కరించి ఉండవచ్చు. లేదా ఈ రెండు పేర్లకూ సంబంధమే లేకపోవచ్చు. నల్లగొండ ప్రాంతంలోని తుమ్మలగూడెంలో తామ్రశాసనాలు లభించిన తరువాత బి.ఎన్. శాస్త్రి ఇంద్రపాలనగరాన్ని ఆ వంశానికి కేంద్రంగా నిరూపించడానికి ప్రయత్నించారు. అప్పటి నుండి వినుకొండ వాదానికి మునుపటి బలం లేదు.

వినుకొండ వాదాన్ని అంగీకరించినా, అక్కడి నుండి ఉండవల్లికి వంద కిలోమీటర్లకు పైగా దూరం. వంశం పేరు ఎక్కడ పుట్టిందన్నది ఒక ప్రశ్న, కొండను ఎవరు తొలిపించారన్నది మరొక ప్రశ్న. మొదటిదానికి చెప్పిన సమాధానాన్ని రెండవదానికి కూడా వర్తింపజేయడమే ఈ చర్చలోని మౌలికమైన లోపం.

శాసనాల మౌనం కూడా గమనింపదగినది. విష్ణుకుండి రాజులు శ్రీపర్వతస్వామి పాదభక్తులమని చెప్పుకొన్నారు. మాధవవర్మ పదకొండు అశ్వమేధాలు, వేయి అగ్నిష్టోమాలు చేసినట్లు ప్రశస్తులు చెబుతాయి. గోవిందవర్మ, పరమమహాదేవి బౌద్ధ విహారాన్ని పోషించిన విషయం తుమ్మలగూడెం శాసనంలో ఉంది. ఇంత విపులంగా కీర్తిని నమోదు చేయించుకున్న వంశం నాలుగు అంతస్తుల కొండగుడిని చెక్కించి, ఆ విషయాన్ని ఎక్కడా చెప్పుకోకుండా ఉంటుందా? మహేంద్రవర్మ మండగపట్టులో చేసినది దీనికి భిన్నం. ఇటుక, కొయ్య, లోహం, సున్నం లేకుండా బ్రహ్మ, ఈశ్వర, విష్ణువులకు విచిత్రచిత్తుడు ఈ ఆలయాన్ని చేయించాడని అక్కడి శాసనం ప్రకటిస్తుంది. కొత్త పని చేసిన పాలకుడి స్వరం ఆ శాసనంలో వినిపిస్తుంది. మౌనం నిషేధానికి ప్రమాణం కాదన్నది నిజమే, కాని అది సమర్థనకు కూడా ప్రమాణం కాలేదు.

అసంపూర్ణత ఒక ఆధారం

ఉండవల్లి ప్రధాన గుహ ముఖభాగం తూర్పు వైపుకు ఉంటుంది. పొడవు సుమారు 29 మీటర్లు. నేల అంతస్తు స్తంభాల వరుసలతో కూడిన మండపం, అది పూర్తి కాలేదు. మొదటి అంతస్తులో వెనుక గోడకు గర్భగృహాలు ఉన్నాయి. రెండవ అంతస్తులో అనంతశయన విష్ణువు ఉన్నాడు. అన్నిటికంటే పైన ఉన్న అంతస్తు కూడా అసంపూర్ణమే. అంటే అడుగున పూర్తి కాలేదు, పైన పూర్తి కాలేదు, మధ్యలో మాత్రం దేవతా ప్రతిష్ఠకు అనువైన స్థితి వరకు పని జరిగింది. వర్ణనలన్నీ ఈ విషయాన్ని పేర్కొంటాయి కాని, దీని నుండి జరగవలసిన విచారణ జరగలేదు.

కట్టుడు గుడిలో పునాది లేకుండా పై అంతస్తు లేదు. తొలుపుడు గుడిలో ఆ నియమం లేదు. అక్కడ రాయి ముందే ఉంది, శిల్పి చేసేది తీసివేయడమే. పైగా ఉండవల్లిలో ప్రతి పై అంతస్తూ కింది దానికంటే వెనక్కి జరిగి ఉంటుంది. కింది అంతస్తు కప్పు పై అంతస్తుకు ముంగిలి అవుతుంది. అందువల్ల ప్రతి అంతస్తునూ ఎదుటి నుండి విడిగా తొలవడం సాధ్యం. కింది పని ఆగినా పైపని సాగవచ్చు. పైపని ఆగినా కింద ఉలి ఆడవచ్చు. నాలుగు అంతస్తులూ ఒకే పథకంలో, ఒకే పాలనలో జరిగి ఉండాలన్న నిర్బంధం వాస్తువులో ఎక్కడా కనిపించదు. ‘ఉండవల్లి ఎవరిది?’ అన్న ప్రశ్నలోనే ఒక అపోహ ఉంది. ఏ అంతస్తు, ఏ గర్భగృహం, ఏ స్తంభం అని విభజించి అడిగినప్పుడే ఆ ప్రశ్నకు అర్థం ఏర్పడుతుంది.

స్తంభాల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. అడుగున, తలభాగాన చదరంగా ఉండి, నడుమ అంచులు చెక్కి అష్టకోణం చేసిన స్తంభం మహేంద్రవర్మ గుహల ముఖ్య లక్షణం. కృష్ణాతీర గుహలలో దీనిని పోలిన స్తంభాలు కనిపించగానే ‘ఇక్కడి నుండి అక్కడికి’ అని జువో దుబ్రాయ్ బాణం గీశాడు. అదే పోలికను ‘అక్కడి నుండి ఇక్కడికి’ అని కూడా చదవవచ్చు. కె.వి. సౌందరరాజన్ వంటివారు చాళుక్య సంబంధాన్ని ముందుకు తెచ్చారు. పోలిక సంబంధాన్ని తెలుపుతుంది, దాని దిశను తెలుపదు.

శయనమూర్తి

ఈ వివాదంలో పడి విమర్శకులు తగినంతగా చూడనిది శిల్పాన్నే. సుమారు ఐదు మీటర్ల అనంతశయనుడు, వెనుక శేషుని పడగలు, నాభికమలంపై బ్రహ్మ, పాదాల చెంత మధుకైటభులు: ఇవి ప్రతిమాశాస్త్ర వివరాలు. వాస్తుపరంగా చూస్తే మరొక విషయం తెలుస్తుంది. తొలుపుడు అంతస్తులో ఎత్తుకు మితి ఉంది, పొడవుకు అంతటి మితి లేదు. నిలిచిన మూర్తిని మహాకాయంగా చూపడానికి ఈ అంతస్తులో అవకాశం లేదు, శయనమూర్తికి ఉంది. కొండ ఇచ్చిన అడ్డు కొలతను శిల్పి దేవుని శరీరంగా మార్చుకున్నాడు. దగ్గరగా నిలిచిన భక్తుడు కిరీటాన్నీ పాదాలనూ ఒక్క చూపులో పట్టుకోలేడు, ఒక కొస నుండి రెండో కొసకు నడవాలి. మూర్తి వెనుక ఉన్నది కొండ కనుక చుట్టూ తిరిగే ప్రదక్షిణ లేదు. ఈ నడకే దాని స్థానాన్ని తీసుకుంటుంది.

శయనమూర్తి ఉండటం వల్లనే కాలం నిర్ణయం కాదు. మధ్యభారతంలోని ఉదయగిరిలో గుప్తుల నాడే కొండగోడపై శేషశాయి వెలిశాడు; మహాబలిపురం మహిషమర్దినీ మండపంలో పల్లవులు అదే ఘట్టాన్ని చెక్కారు. ఈ రెండింటి నడుమ రెండు శతాబ్దాలకు పైగా వ్యవధి ఉంది. ఉండవల్లి ఆ వ్యవధిలో ఎక్కడ నిలుస్తుందన్నది ఆభరణాలు, కిరీటం, శరీర నిష్పత్తుల సూక్ష్మ పరిశీలనతో తేలవలసినది. మూర్తిపై తరువాతి కాలపు పూతలు, మరమ్మతులు ఉన్నందున అది కూడా సులభం కాదు.

గుహలు మొదట బౌద్ధులవో జైనులవో అన్న మాట పర్యాటక కథనాలలో తరచు వినిపిస్తుంది, సొరంగ మార్గాల కథలతో పాటు. పల్నాటి చేజర్లలోని కపోతేశ్వరాలయం విషయంలోనూ, గజపృష్ఠాకారాన్ని చూసి, ఇదే వాదం వచ్చింది. ఇక్ష్వాకుల నాటి నాగార్జునకొండలోనే బౌద్ధ కట్టడాల పక్కన శైవ, వైష్ణవ దేవళాలు వెలిశాయన్నది గుర్తుంటే, ఒక రూపాన్ని ఒక మతానికి కట్టివేయడం ఎంత ప్రమాదకరమో తెలుస్తుంది. గుహ అయినా గజపృష్ఠమైనా శిల్పుల చేతిలోని విద్య. ఎవరు నియోగిస్తే వారికి ఆ విద్య పనిచేసింది.

ప్రస్తుతం చేయవలసిన పని మరో రాజవంశాన్ని ప్రతిపాదించడం కాదు. మొగల్రాజపురం, ఉండవల్లి, భైరవకొండ గుహల స్తంభాల కొలతలను, ద్వారపాలకుల భంగిమలను, అసంపూర్ణ గోడలపై మిగిలిన ఉలిగాట్ల దిశను ఒకే పద్ధతిలో నమోదు చేయాలి. ఉండవల్లి నేల అంతస్తు దీనికి అన్నిటికంటే అనువైన చోటు. నునుపు చేయని రాతిపై పని ఏ వైపు నుండి మొదలైందో, ఎక్కడ ఆగిందో అక్కడ ఇప్పటికీ కనిపిస్తుంది.