‘తొలి విమానయానం’ అనే కథనం: అంగారకునిపై ఇన్‌జెన్యూయిటీ – ఒక విమర్శనాత్మక పరిశీలన

2021 ఏప్రిల్ 19న అంగారక గ్రహంపై, జెజెరో బిలంలో, 1.8 కిలోగ్రాముల చిన్న హెలికాప్టర్ ఒకటి మూడు మీటర్ల ఎత్తుకు లేచి, 39 సెకన్లపాటు గాలిలో నిలిచి, తిరిగి నేలకు దిగింది. ‘ఇన్‌జెన్యూయిటీ’ అనే ఆ యంత్రాన్ని గురించిన కథనం ఆ రోజే స్థిరపడిపోయింది. అది రైట్ సోదరుల కథకు కొనసాగింపు. 1903 నాటి విమానపు రెక్కల బట్టలోంచి చిన్న ముక్కను సౌరఫలకం అడుగున అమర్చి పంపారు. ఎగిరిన చోటికి రైట్ సోదరుల మైదానమని పేరు పెట్టారు. ఒక వైజ్ఞానిక ఘట్టం తన చరిత్రను తానే ముందుగా రాసుకొని ప్రయాణమైనట్లుంది ఇది. ఆ ఘట్టపు గొప్పదనం వివాదాస్పదం కాదు. ఆ పోలిక దేనిని చూపింది, దేనిని మరుగుపరచింది అన్నదే ఈ వ్యాసం పరిశీలించే విషయం.

నాసా అధికారిక ప్రకటనలోని వాక్యం జాగ్రత్తగా కూర్చినదే. మరో గ్రహంపై శక్తిచోదితమూ నియంత్రితమూ అయిన విమానయానం ఇదే మొదటిదని దాని సారాంశం. ఈ రెండు విశేషణాలు అలంకారప్రాయాలు కావు. వాటిని తొలగిస్తే వాక్యం అసత్యమవుతుంది. 1985 జూన్‌లో సోవియట్ యూనియన్ పంపిన వేగా-1, వేగా-2 నౌకలు శుక్రగ్రహ వాతావరణంలో చెరొక బెలూన్‌ను విడిచిపెట్టాయి. సుమారు 54 కిలోమీటర్ల ఎత్తున, దాదాపు 46 గంటలపాటు సంకేతాలు పంపుతూ, ఒక్కొక్కటి 11,000 కిలోమీటర్లకు పైగా గాలివాటున సాగిపోయాయి.

తెలుగులో ఈ చిక్కు మరింత సూక్ష్మమైనది. మన ‘ఎగురు’ ధాతువుకు ఇంజను అక్కరలేదు, నియంత్రణ అక్కరలేదు. పక్షి ఎగురుతుంది, గాలిపటం ఎగురుతుంది, సుడిగాలికి ఎండుటాకూ ఎగురుతుంది. కనుక ‘మరో గ్రహంపై తొలిసారి ఎగిరిన యంత్రం’ అని క్లుప్తీకరించిన మరుక్షణమే వేగా బెలూన్లు చరిత్రలోంచి జారిపోతాయి. ‘విమానయానం’ అనే సమాసంలో ప్రయాణికుడి ఛాయ కొంత ఉన్నప్పటికీ ఈ సందర్భంలో అదే మేలు. వైజ్ఞానిక రచనలో విశేషణాన్ని భారమని వదిలించుకోవడం శైలికి సంబంధించిన సౌలభ్యం కాదు, వాస్తవానికి సంబంధించిన నష్టం.

ఇక పోలిక లోపలికి వెళ్దాం. రైట్ సోదరుల సమస్య దట్టమైన గాలిలో బరువైన ఇంజను. ఇక్కడి సమస్య గాలి దాదాపుగా లేకపోవడం. అంగారక ఉపరితలంపై వాతావరణ సాంద్రత భూమిపై ఉన్నదానిలో సుమారు ఒక శాతం. గురుత్వం భూమిపై ఉన్నదానిలో 38 శాతమే కావడం కొంత ఊరట అయినా, సాంద్రతలోని లోటును అది పూడ్చలేదు. అందుకే 1.2 మీటర్ల వ్యాసం గల రెండు జతల రెక్కలను పరస్పరం వ్యతిరేక దిశల్లో నిమిషానికి సుమారు 2,500 సార్లు తిప్పవలసివచ్చింది. ఇంకా వేగంగా తిప్పవచ్చు కదా అంటే, అక్కడ ధ్వనివేగమే తక్కువ, సెకనుకు సుమారు 240 మీటర్లు. రెక్కల కొనలు ఆ వేగాన్ని సమీపించకూడదు. పలుచని గాలిలో రెక్క పైకీ కిందికీ ఊగితే ఆ ఊపును అణచే శక్తి కూడా గాలికి ఉండదు. కనుక రెక్కలు అసాధారణంగా బిగువైనవీ, అదే సమయంలో అత్యంత తేలికైనవీ కావాలి. ఈ పరస్పర విరుద్ధమైన షరతుల మధ్య దొరికిన ఇరుకైన దారే ఈ హెలికాప్టర్.

ఆ దారిని ఊహించినవారు మద్రాసు ఐఐటీలో చదివిన బాబ్ బలరామ్. 1990లలో ఆయన చేసిన ప్రతిపాదనకు నిధులు దొరకక, అది సుమారు పదిహేనేళ్లు అరలోనే ఉండిపోయింది. రైట్ పోలిక ప్రధానంగా మరుగుపరచేది ఈ రకమైన చరిత్రనే. ఇద్దరు సోదరులు, ఒక దుకాణం, ఒక ఇసుకతీరం అనే చిత్రంలో ప్రయోగశాలల దీర్ఘనిరీక్షణకూ, వందలమంది సమష్టి కృషికీ చోటుండదు.

అయితే పోలికకున్న అసలు లోపం ఇదీ కాదు. 1903 డిసెంబరు 17న ఆర్విల్ రైట్ విమానంపై బోర్లా పడుకొని, తన శరీరంతో గాలిని గ్రహిస్తూ నడిపాడు. ఇన్‌జెన్యూయిటీకి అటువంటి చోదకుడు లేడు. ఉండే వీలూ లేదు. భూమికీ అంగారకునికీ మధ్య సంకేతం ఒకవైపు చేరడానికే దూరాన్ని బట్టి మూడు నుంచి ఇరవైరెండు నిమిషాలు పడుతుంది. ఎగిరి దిగాక గాని ఎగిరిందన్న వార్త ఇక్కడికి రాదు. దారిని మనుషులు ముందుగా నిర్దేశించినా, గాలిలో ప్రతిక్షణం తానెక్కడున్నానో తెలుసుకోవలసింది యంత్రమే. కిందికి చూసే నలుపు తెలుపు కెమెరా సెకనుకు ముప్పై చిత్రాలు తీస్తుంది. నేలపై రాళ్ల గుర్తులు ఒక చిత్రం నుంచి మరో చిత్రానికి ఎంత జరిగాయో లెక్కించి, యంత్రం తన వేగాన్ని అంచనా వేసుకుంటుంది. అంటే ఇక్కడ ఎగరడమంటే చదవడం. 1903తో పోల్చినప్పుడు కనుమరుగయ్యే నూతనత్వం ఇదే.

ఈ వాదానికి బలమైన ఆధారాలు విజయాలలో కంటే వైఫల్యాలలో దొరుకుతాయి. 2021 మే 22న ఆరవ విహారంలో, సుమారు 54 సెకన్ల వద్ద, ఒకే ఒక్క చిత్రం గల్లంతైంది. దానితో తరువాతి చిత్రాలన్నింటికీ కాలముద్రలు తప్పాయి. యంత్రం ఒక క్షణపు నేలను మరో క్షణపు నేలగా భావించి, తనను తాను సరిదిద్దుకోబోయి ముందుకూ వెనక్కీ ఊగిపోయింది. దిగే చివరి దశలో కెమెరాను నమ్మకుండా ఉండేలా ముందే రూపొందించడం వల్ల, చేరవలసిన చోటికి సుమారు ఐదు మీటర్ల లోపే క్షేమంగా దిగింది. రెక్కలకు గాని, మోటార్లకు గాని ఏ లోపమూ లేదు.

2024 జనవరి 18 నాటి డెబ్బైరెండవ విహారం చివరిది. అప్పటి నేల రాళ్లు లేని ఇసుక అలల మైదానం. గుర్తులు లేని చోట కెమెరాకు చదవడానికి అక్షరం లేదు. వేగం అంచనా తప్పి, యంత్రం పక్కకు జారుతూ ఇసుక వాలుపై బలంగా దిగింది. రెక్కలు నేలను తాకి విరిగాయన్నది తొలి అభిప్రాయం. అదే సంవత్సరం డిసెంబరులో వెల్లడైన దర్యాప్తు ఫలితం దానిని సవరించింది. దిగిన అదటుకు యంత్రం ఒక్కసారిగా ఒరిగిపోవడంతో, ఆ భారాన్ని తట్టుకోలేక రెక్కలు తమ బలహీనమైన చోట తెగిపోయాయన్నది దాని నిర్ధారణ. మొదటి కథనం చూడగానే నమ్మదగినదిగా ఉంది. రెండవది, నెలల తరబడి పరిశీలన తరువాత వచ్చినది, అంత నాటకీయంగా లేదు. పాఠ్యపుస్తకాలకు ఎక్కవలసినది రెండవదే.

‘అన్వేషణ’ అనే మాటను కూడా ఇక్కడ పునఃపరిశీలించాలి. ఈ హెలికాప్టర్‌లో శాస్త్రపరిశోధక పరికరమేదీ లేదు. నెల రోజుల్లో గరిష్ఠంగా ఐదుసార్లు ఎగిరి, అది సాధ్యమేనని చూపడం వరకే దాని పని. కాని 2021 జులై 5న తొమ్మిదవ విహారంలో, రోవర్ చక్రాలకు ప్రమాదకరమైన సేయిటా ఇసుక ప్రాంతం మీదుగా 625 మీటర్లు ప్రయాణించి చిత్రాలు తెచ్చినప్పుడు, ప్రదర్శన కాస్తా వేగు పనిగా మారింది. అన్వేషకుడు రోవరే. ఇది ముందు నడిచి దారి చూసివచ్చినది. 72 విహారాలు, సుమారు 129 నిమిషాలు, 17 కిలోమీటర్లు అనే లెక్కను ఘనంగా చెప్పుకుంటాం. అందులో ఏ విహారం రోవర్ దారిని మార్చింది, ఏది కేవలం యంత్రసామర్థ్య పరీక్ష అన్న విభజన చేయకుండా ఆ మొత్తాలను ఉటంకించడం పరిశోధన అనిపించుకోదు.

2024 ఏప్రిల్ 16న బృందం చివరి సందేశాన్ని అందుకుంది. అప్పటికే పంపిన కొత్త ప్రోగ్రాం ప్రకారం, కదలలేని ఆ యంత్రం రోజూ మేలుకొని, తన పరికరాలను పరీక్షించుకొని, ఒక రంగుల చిత్రం తీసి, ఉష్ణోగ్రతను నమోదు చేసుకోవాలి. సుమారు ఇరవై ఏళ్ల సమాచారం పట్టే స్మృతి దానికి ఉంది. రోవర్ రేడియో పరిధిని దాటిపోయాక పోగయ్యే నమోదులను భవిష్యత్తులో ఎవరైనా, ఏ యంత్రమైనా, అక్కడికి వెళ్లి సేకరించుకోవలసిందే.