రేటు మారితే శ్రుతి మారుతుంది

ఐదు శ్రుతిలో పాడిన కీర్తన క్లయింటు ఇంట్లో ఐదున్నరకీ ఆరుకీ మధ్య వినిపిస్తే ఆ తప్పు గాయనిది కాదు. 44.1 కిలోహెర్ట్జ్‌లో తయారైన ఫైలు 48 కిలోహెర్ట్జ్ వేగంతో నడిస్తే జరిగేది అదే. శాంపిళ్లు మారవు, వాటిని బయటికి వదిలే వేగం మాత్రం దాదాపు 9 శాతం పెరుగుతుంది. హార్మోనియం మెట్ల లెక్కలో పాట సుమారు ఒకటిన్నర మెట్టు పైకెక్కుతుంది. పది నిమిషాల తరంగం 9 నిమిషాల 11 సెకన్లకే ముగుస్తుంది. ఆ ట్రాక్‌కి అడుగులు వేయాల్సిన కూచిపూడి నర్తకికి ఊపిరి సలపదు.

శాంపిల్ రేటు అంటే సెకనుకు ధ్వనిని ఎన్నిసార్లు కొలిచామన్న లెక్క. మన చెవి హద్దు సుమారు 20 వేల హెర్ట్జ్. దాన్ని పట్టుకోవాలంటే అందుకు రెట్టింపుకు మించి కొలవాలి. 40 వేలు దాటితే చాలు కదా, మరి ఈ 44,100 ఎక్కడిది? తొలిరోజుల్లో డిజిటల్ ధ్వనిని వీడియో టేపు మీద దాచేవారు. గీతకు 3 శాంపిళ్లు, ఫీల్డుకు 245 గీతలు, సెకనుకు 60 ఫీల్డులు. గుణిస్తే 44,100. 1982లో మార్కెట్లోకి వచ్చిన సీడీ ఆ అంకెనే పట్టుకుంది. సినిమా, టీవీ రంగాలు 48,000 దగ్గర స్థిరపడ్డాయి. అందుకే ఒకే సినిమా పాట తెరకు ఒక రేటులో, సీడీకి మరో రేటులో వెళ్లాలి.

టేపుల కాలంలో దీనికి ఒక క్రమశిక్షణ ఉండేది. సెకనుకు 15 అంగుళాలా, 30 అంగుళాలా అన్నది పెట్టె మీద రాసేవారు. టేపు మొదట్లో టెస్ట్ టోన్లు ఎక్కించేవారు. అందుకున్న ఇంజనీరు ముందు ఆ టోన్లతో తన యంత్రాన్ని సరిచేసుకుని, ఆ తర్వాతే పాట వినేవాడు. డిజిటల్ ఫైలు తన రేటును తనలోనే రాసుకుని వస్తుంది కాబట్టి ఈ అలవాటు సడలింది. కానీ ఫైలులో ఏం రాసున్నా, చివరికి శాంపిళ్లను బయటికి పంపేది ఆడియో ఇంటర్‌ఫేస్‌లోని క్లాక్.

చిక్కులు ముఖ్యంగా మూడు. ఇంటర్‌ఫేస్ వేరే పరికరం క్లాక్‌ను అనుసరిస్తూ 48 దగ్గర ఉండిపోతే, 44.1 ప్రాజెక్ట్ పరుగందుకుంటుంది. రెండు డిజిటల్ పరికరాలు ఎవరి క్లాక్ వారే నడుపుకుంటే మధ్యమధ్య టిక్కుమనే చప్పుళ్లు వస్తాయి. మూడోది కనిపెట్టడం కష్టం: కంప్యూటరే లోలోపల రేటు మార్చి వినిపిస్తుంది. శ్రుతి, లయ చెడవు కనుక అనుమానం రాదు, కానీ ఇంజనీరు తీర్పు చెబుతున్నది అసలు ఫైలు మీద కాదు. మొదటి చిక్కును పట్టడానికి 1,000 హెర్ట్జ్ టోన్ చాలు. మీటరులో 1,088 కనిపిస్తే దొంగ దొరికినట్టే.

రేటును మార్చాల్సి వస్తే దానికీ ఒక వరస ఉంది. 48 నుంచి 44.1కి రావడమంటే 147తో హెచ్చించి 160తో భాగించడం. దారిలో 22,050 హెర్ట్జ్ పైనున్నదంతా ఫిల్టర్‌తో తీసేయాలి, లేకపోతే అది కింది స్థాయిల్లోకి మడతపడి పాటలో లేని స్వరాలను కలుపుతుంది. మార్పిడిలో తరంగ శిఖరాలు కొద్దిగా పెరగవచ్చు. అందుకే ముందు రేటు మార్చి, తర్వాత లిమిటర్ పెట్టి, సీడీ కోసమైతే 16 బిట్లకు దించేటప్పుడు అన్నిటికన్నా చివర డిథర్ కలుపుతారు. లిమిటర్ దగ్గర ఒక డెసిబెల్ ఖాళీ వదలడం మంచి అలవాటు.

పెద్ద అంకె ఉన్న ఫైలే గొప్పదని క్లయింటుకు 96 కిలోహెర్ట్జ్ అంటగట్టడం సేవ కాదు. పాట ఎక్కడ మోగబోతోందో ముందే అడిగి, దానికి తగ్గ రేటులో ఇవ్వడమే పనితనం. ఫైలు పేరులో రేటు, బిట్లు రాసి, పక్కన పాట నిడివి, శ్రుతి కూడా చేర్చాలి. అప్పుడు కిలోహెర్ట్జ్ లెక్కలేవీ తెలియని సంగీతం మేష్టారైనా ఒక గడియారం, ఒక శ్రుతిపెట్టె దగ్గర పెట్టుకుని తన పాట సరిగ్గా చేరిందో లేదో తేల్చేస్తారు.