రేకులో చుట్టిన చల్లదనం

శనివారం తెల్లవారకముందే పావగడ శనీశ్వరుని గుడి చుట్టూ జనం చేరతారు. శ్రావణమాసమైతే ఇసుక వేస్తే రాలనంత రద్దీ. ఏలినాటి శని పట్టిందని వచ్చేవాళ్ళే ఎక్కువ. శనీశ్వరుడితో పాటు ఆ గుడిలో శీతలాదేవి కూడా ఉంది. అక్కడ ఆ తల్లికి పూజ జరిగేది యంత్రరూపంలో. గీతలు, కోణాలు, బీజాక్షరాలే ఆమె ముఖం. ఎండకూ కరువుకూ పేరుపడ్డ తాలూకాలో, పేరులోనే చలువ ఉన్న దేవతను మనవాళ్ళు అక్షరాలలో నిలుపుకున్నారు.

ఆ యంత్రానికి దూరదేశంలో చుట్టాలున్నారు. థాయ్‌లాండ్‌లో, కంబోడియాలో మెడలోనూ మొలలోనూ కట్టుకునే తాయెత్తులే ఆ చుట్టాలు. వాటిలో కొన్ని ప్రత్యేకంగా మనుషుల ఆదరణ కోసం, ఆకర్షణ కోసం చేసినవి. వాటిని చేతిలో పట్టుకుని ధ్యానం చేస్తారు. ఆ పద్ధతి తెలుసుకుంటే, మన ఇళ్ళలో ఇప్పటికీ చంటిబిడ్డ మొలతాడుకు కట్టే రేకు కూడా కొత్తగా అర్థమవుతుంది.

మన అంత్రం, వాళ్ళ తక్రుత్

పావగడ కర్ణాటకలో ఉన్నా దాదాపు చుట్టూ ఆంధ్రదేశమే. వీధిలో వినబడే మాట ఎక్కువగా తెలుగే. మన పల్లెల్లో పెద్దవాళ్ళు తాయెత్తును 'అంత్రం' అంటారు. యంత్రమే జనం నోట నలిగి అంత్రమైంది. రాగిరేకు మీద గళ్ళు గీసి, ఒక్కో గడిలో ఒక్కో బీజాక్షరం చెక్కి, ప్రాణప్రతిష్ఠ చేసి, జపం పూర్తయ్యాక సాంబ్రాణి పొగ చూపించి, చుట్టి గొట్టంలో పెట్టి లక్కతో మూస్తారు. దారానికి గుచ్చి జబ్బకో మెడకో కడతారు. లోపల ఏముందో కట్టుకున్నవాడికి కనబడదు. కనబడకుండా ఒంటికి తగులుతూ ఉండడమే దాని పని.

థాయ్ 'తక్రుత్' అచ్చంగా ఇదే. సీసం, రాగి, వెండి, బంగారం, ఏ లోహమైనా పలుచని రేకుగా సాగదీసి, ఇనుప గంటంతో అక్షరాలు చెక్కుతారు. చెక్కుతున్నంతసేపూ ఆ అక్షరాన్ని మనసులో పలుకుతూ, ఊపిరిని అదుపులో ఉంచుకుంటారు. తర్వాత చుట్టి దారానికి గుచ్చుతారు. కంబోడియాలో ఇలాంటి చిన్న చుట్టలను వరుసగా గుచ్చి నడుముకు కట్టుకునే అలవాటుంది. దాన్ని 'గాథల తాడు' అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు.

థాయ్ మాటలు కొన్ని వింటే మన ఇంటివే అనిపిస్తాయి. యంత్రాన్ని 'యన్' అంటారు, మంత్రాన్ని 'మొన్' అంటారు. దీక్ష ఇచ్చేవాడు 'ఆచాన్', అంటే ఆచార్యుడు. 'ఖ్రూ', అంటే గురువు. తాయెత్తుకు ప్రాణం పోసే క్రతువు పేరు 'ప్లుక్ సేక్'. ప్లుక్ అంటే మేల్కొలపడం, సేక్ అంటే మన అభిషేకం. ఆ క్రతువులో విగ్రహం నుంచి భిక్షువుల చేతుల మీదుగా తాయెత్తుల దాకా తెల్లని నూలుదారం సాగుతుంది. దాని పేరులో 'సించనం' అనే సంస్కృత పదం ఉంది. గుడిలో కంకణం కట్టించుకున్న తెలుగువాడికి ఈ దృశ్యం పరాయిది కాదు.

తలకట్టు ఉన్న అక్షరాలు

థాయ్ తాయెత్తుల మీది రాత సాధారణంగా థాయ్ లిపిలో ఉండదు. అది 'ఖోమ్' లిపి, అంటే పాత ఖ్మేరు లిపి. దక్షిణభారతం నుంచి సముద్రం దాటిన పల్లవ లిపి నుంచి అది పుట్టింది. తేదీ ఉన్న ఖ్మేరు శాసనాలలో అన్నిటికన్నా పాతది క్రీ.శ. 611 నాటిది, అంకోర్ బోరెయ్‌లో దొరికింది. తర్వాత థాయ్‌లు తమ లిపి తాము ఏర్పరచుకున్నా, పాళీ గాథలకూ యంత్రాలకూ ఖోమ్ అక్షరాలనే పవిత్రంగా నిలుపుకున్నారు.

ఆ అక్షరాలను దగ్గరగా చూస్తే తెలుగువాడి కన్ను అక్కడే ఆగుతుంది. చాలా అక్షరాల నెత్తిన మన తలకట్టులాంటి కొస ఉంటుంది. ఖ్మేరులో దాన్ని 'జుట్టు' అంటారు. ఒత్తులు మన ఒత్తుల్లాగే కిందికి దిగుతాయి. వాటిని 'పాదాలు' అంటారు. తల నుంచి పాదం దాకా ఉన్న మనిషిలా అక్షరాన్ని చూసే ఆ చూపులోనే తాయెత్తు రహస్యం సగం ఉంది. అక్షరం ప్రాణి అనుకున్నవాడికే దానికి ప్రాణప్రతిష్ఠ చెయ్యాలనిపిస్తుంది.

మనకు 'నమశ్శివాయ' పంచాక్షరి. వాళ్ళకు 'నమో బుద్ధాయ' పంచాక్షరి. న, మో, బు, ద్ధా, య అనే ఐదక్షరాలు ఈ కల్పంలోని ఐదుగురు బుద్ధులకు గుర్తు. చివరి అక్షరం ఇంకా రావలసిన బుద్ధుడిది. ఆయన పేరు మైత్రేయుడు. ఆకర్షణ తాయెత్తుల దారి కూడా చివరకు ఆ పేరు దగ్గరికే చేరుతుంది.

రాసి, చెరిపి, పోగుచేసి

ఈ సంప్రదాయంలో నన్ను అన్నిటికన్నా కదిలించిన పద్ధతి చూర్ణం తయారీ. సాధకుడు సుద్దలాంటి బలపంతో పలక మీద యంత్రాక్షరాలు రాస్తాడు, పలుకుతాడు, చెరుపుతాడు. మళ్ళీ రాస్తాడు. చెరిపినప్పుడు రాలిన పొడిని ఒక్క రేణువు పోకుండా దాస్తాడు. ఇలా చేసే చూర్ణాలు ఐదు రకాలు. 'ఇత్థిజే' అనే చూర్ణానికి ఆదరణ కలిగించే గుణముందని నమ్మకం. ఆ పొడిని ఇతర ద్రవ్యాలతో కలిపి, అచ్చులో నొక్కి చిన్న బిళ్ళలు చేస్తారు. బాంకాక్‌లోని వాట్ రఖాంగ్ మఠంలో సోమ్‌దెత్ తో అనే భిక్షువు (1788–1872) చేసిన బిళ్ళలను నేటికీ తాయెత్తులలో తలమానికంగా చూస్తారు.

పలకా బలపం పట్టి 'ఓనమాలు' దిద్దిన మనకు ఈ పని అర్థం కావాలి. వందసార్లు దిద్దితే అక్షరం పలక మీద మిగలదు, చేతిలో మిగులుతుంది. ఆ బిళ్ళలో ఉన్నది ఒక మనిషి గంటల తరబడి నిలిపిన ఏకాగ్రత తాలూకు ధూళి. దాన్ని ధరించినవాడు ఆ ఓపికకు వారసుడవుతాడు.

ఆకర్షణ అంటే

ఆకర్షణకు థాయ్ మాట 'సనే'. అది మన 'స్నేహం'. స్నేహమంటే సంస్కృతంలో చమురు అని కూడా. కరుకుదనాన్ని పోగొట్టే జిడ్డు. ఈ రకం తాయెత్తులకు వాళ్ళు పెట్టిన పేరు 'మెత్తా మహానియోమ్', అంటే మైత్రి వల్ల కలిగే గొప్ప ఆదరణ.

వీటిలో 'సాలికా' అనే రకం ఉంది. అది మన శారిక, గోరువంక. తియ్యగా పలికే పిట్ట పేరున బియ్యపుగింజంత రేకుచుట్ట చేసి నోట్లో పెట్టుకుని గాథ చదువుతారు. వర్తకులు, పాటగాళ్ళు, నలుగురితో మాట్లాడి బతికేవాళ్ళు దీన్ని ఇష్టపడతారు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మనం సామెతలో చెప్పుకున్నది వాళ్ళు రేకులో చుట్టుకున్నారు. నోట్లో పవిత్రమైనది ఉందని గుర్తున్నంతసేపూ చెడ్డమాట పైకి రాదు.

ధ్యానంలో వాడే తీరు సరళమైనది. తాయెత్తును దోసిట్లో ఉంచుకుని బుద్ధుడికీ గురువుకూ నమస్కరించాలి. పంచశీలాన్ని గుర్తు చేసుకోవాలి. ఊపిరి నిదానించాక గాథను ఊపిరితో కలిపి జపించాలి. తర్వాత మైత్రీభావన. ఐదో శతాబ్దంలో బుద్ధఘోషుడు రాసిన విశుద్ధిమగ్గ ఈ భావనకు వరుస చెప్పింది. ముందు తన సుఖాన్ని తాను కోరుకోవాలి, ఆ తర్వాత పూజ్యులైనవారి సుఖాన్ని, ఆపైన ముక్కూముఖం తెలియనివారి సుఖాన్ని, చివరికి శత్రువు సుఖాన్ని. తన నుంచి మొదలుపెట్టమనడంలో స్వార్థం లేదు. నాకు సుఖం ఎంత ప్రియమో ఇతరులకూ అంతేనని తెలియడానికి తానే సాక్ష్యం.

ఆ గ్రంథం ఒక హెచ్చరిక కూడా చేసింది. ఈ ధ్యానం మొదలుపెట్టేటప్పుడు పురుషుడు ఫలానా స్త్రీని గానీ, స్త్రీ ఫలానా పురుషుణ్ణి గానీ ఎంచుకోకూడదు. మైత్రి ముసుగులో మోహం దూరుతుంది. ఎవరినో ఒకరిని లాగడానికి తాయెత్తు పట్టుకునేవాళ్ళు గుండెకు హత్తుకోవలసిన మాట ఇది.

మైత్రి వల్ల 11 ఫలాలున్నాయని బుద్ధుడు చెప్పినట్టు అంగుత్తర నికాయం అనే బౌద్ధగ్రంథంలో ఉంది. సుఖంగా నిద్రపడుతుంది, సుఖంగా మెలకువ వస్తుంది, పీడకలలు రావు, మనుషులకు ప్రియమవుతారు, మనసు త్వరగా కుదురుకుంటుంది, ముఖం తేటపడుతుంది. ఇలా సాగుతుంది ఆ జాబితా. ఆకర్షణ కోసం వచ్చినవాడు కోరేది ఇందులోనే ఉంది. కానీ అది నిద్రకూ తేటముఖానికీ తోబుట్టువుగా వస్తుంది, ఒంటరిగా రాదు.

వంథోంగ్ కన్నీళ్ళు

ఆకర్షణకు పేరుపొందిన మరో బిళ్ళ 'ఖున్ ఫేన్'. థాయ్‌ల ప్రసిద్ధ కథాకావ్యం 'ఖున్ చాంగ్ ఖున్ ఫేన్'లో అతను నాయకుడు, యోధుడు, మంత్రవేత్త, స్త్రీల మనసు దోచేవాడు. తాయెత్తు కొనేవాళ్ళు ఇంతవరకే గుర్తుంచుకుంటారు. ఆ కథలో ఇద్దరు మగవాళ్ళ మధ్య నలిగిన వంథోంగ్ చివరికి రాజు ముందు నిలబడి, ఎవరో ఒకరిని ఎంచుకోలేక మరణశిక్షకు గురవుతుంది. మనసులను లాక్కునే పోరులో నలిగేది ఎవరో ఆ కావ్యం దాచకుండా చెప్పింది.

మన తంత్రశాస్త్రంలోనూ షట్కర్మలలో వశ్యం ఒకటి, శాంతి మరొకటి. పల్లెల్లో 'మందు పెట్టారు' అన్న అనుమానం ఎన్ని కాపురాలను కూల్చిందో మనకు తెలుసు. మూడు రోజుల్లో ఫలానావాళ్ళు మీ వెంట పడతారని రేకు అమ్మేవాడు శాంతిని వదిలి వశ్యాన్ని అమ్ముతున్నాడు. ఒకరి ఇష్టాన్ని కట్టెయ్యాలనుకునే చోట స్నేహానికి తావు లేదు. అలా అమ్మేవాళ్ళ దగ్గరికి పోవద్దని నా మనవి.

చల్లగా ఉండు

తాయెత్తు ఎదుటివాళ్ళ మనసును మార్చగలదని నేను చెప్పను. కట్టుకున్నవాడి నడకను, మాటను, చూపును మార్చగలదని మాత్రం నమ్ముతాను. చెయ్యి అలవాటుగా మెడకు పోయి రేకు తగిలినప్పుడల్లా పొద్దున చేసిన ధ్యానం గుర్తొస్తుంది. కోపం ఒక్క ఊపిరి సేపు ఆగుతుంది. ఆ ఒక్క ఊపిరి చాలు, మాట మెత్తబడడానికి. మెత్తని మాట ఉన్నచోటికి మనుషులు వాళ్ళంతట వాళ్ళే వస్తారు.

నిదానస్తుణ్ణి థాయ్‌లు 'చై యెన్' అంటారు. చల్లని మనసున్నవాడని. వాళ్ళ దీవెన 'యూ యెన్ పెన్ సుక్'. చల్లగా బతుకు, సుఖంగా ఉండు అని. ఆ సుక్ మన సుఖమే. ఆ దీవెన వినగానే నాకు పావగడ గుర్తొచ్చింది. తిరుమణి చుట్టూ 13,000 ఎకరాల్లో సౌరఫలకాలు పరిచేంత ఎండ కాసే నేల ఇది. ఇక్కడ కాళ్ళకు మొక్కినవాళ్ళ తల మీద చెయ్యిపెట్టి పెద్దవాళ్ళు అనేది ఒకటే మాట: చల్లగా ఉండు నాయనా. శీతలాదేవి యంత్రం చుట్టూ ప్రదక్షిణం చేసేవాళ్ళు ఈసారి ఆ మాటను తమకోసమే కాక, వరుసలో ముందు నిలబడ్డ ముక్కూముఖం తెలియని మనిషి కోసం కూడా ఒక్కసారి అనుకుంటే, ఆకర్షణ సాధన అక్కడే మొదలైనట్టు.