భారతోత్సవ నటులు: సంప్రదాన విచారము

కన్నడ, తమిళ సీమల పొలిమేరలకుఁ జేరువనున్న వెంకటగిరికోట, కుప్పము ప్రాంతములు గల చిత్తూరు సీమలో ద్రౌపదీధర్మరాజుల గుడులయొద్ద భారతోత్సవములు జరుగును. పగలు హరికథ, రాత్రి వీథినాటకము. కడపట దుర్యోధనవధయు, నగ్నిగుండ ప్రవేశమును. వ్యయమునకై యూరివారు చందాలు వేసికొందురు. చూచుటకు వెల లేదు, వ్రతమే ప్రకటనము. అయినను నటుని జీవనము స్థిరపడదు. ఏల?

వైయాకరణుల సంప్రదాన విచారమున దీనికి సమాధానము గలదు. విప్రునకు గోవు నిచ్చువాఁడు తన స్వత్వమును విడుచును. రజకునకు వస్త్రము నిచ్చువాఁడు విడువఁడు. కావున రెండవది దానము గాదు. చందా యమ్మవారి నుద్దేశించినది. నటుఁడు దాని కుద్దేశ్యుఁడు గాఁడు. ధనమిచ్చి, తన పేరు చాటవలెననియు, నాట నిట్లు కుదింపవలెననియు శాసించు పోషకుఁడును స్వత్వమును విడువనివాఁడే.

టిక్కెట్టే శరణ్యమందురా? 1885లోఁ గడప మండలమందలి సురభి గ్రామమునఁ గీచకవధతో నారంభమైన సురభి నాటక సమాజము వెల యిచ్చి చూచువారిని నమ్మి బ్రదికెను; కుటుంబములే సమాజములై పెక్కు శాఖలుగా వ్యాపించెను. కాని చలనచిత్రము రాఁగా నా ప్రేక్షకులే తరలిపోయిరి, శాఖలు క్షీణించెను.

వ్రతము కళను నిలిపినది, కళాకారుని నిలుపలేదు. అంగడి యతనికి స్వాతంత్ర్య మిచ్చినది, నిలుకడ నియ్యలేదు. కావున నుత్సవపు లెక్కలో నటుల పాలును గుడి వ్యయమునుండి వేఱుపఱచి ముందే నిర్ణయింపవలెను. ఉత్సవపత్రికలో దేవతతోపాటు నటుల పేళ్లును బ్రకటింపవలెను. అప్పుడే యిచ్చిన ధనము నిజముగా వారిదగును.