చిన్నతనం: ఒక మాట, రెండు అర్థాలు

తెలుగులో ‘చిన్నతనం’ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. “చిన్నతనంలో చెరువులో ఈదేవాళ్లం” అన్నప్పుడు అది బాల్యం. “నలుగురిలో చేయి చాచడం చిన్నతనంగా ఉంది” అన్నప్పుడు అది అవమానం. నిఘంటువులో ఈ రెంటినీ విడివిడిగా చూపడం సులభం. కొందరి జీవితాల్లో మాత్రం ఆ రెండర్థాలూ ఒకేరోజు, ఒకేచోట కలుస్తాయి. మన చుట్టూ ఉన్న భాషల దళిత ఆత్మకథల్లో అటువంటి ఘట్టాలను ఎలా చదవాలన్నదే ఈ వ్యాసంలోని చర్చ.

బాల్యఘట్టాలను మన విమర్శ సాధారణంగా రెండు విధాల చదువుతూ వచ్చింది. మొదటిది, ఆనాటి సాంఘిక పరిస్థితికి సాక్ష్యంగా. రెండవది, నాయకుడు ఎక్కిన నిచ్చెనకు తొలిమెట్టుగా. బోయి భీమన్న ‘పాలేరు’ నాటకం పేరెత్తగానే పాలేరు కుర్రవాడు చదువుకొని పెద్ద అధికారి కావడమే మనకు గుర్తుకొస్తుంది. ఈ రెండు పద్ధతులూ అవసరమే. కాని ఆ పూట ఆ పిల్లవాడి మనసులో ఏమి జరిగిందన్న ప్రశ్న రెండింటిలోనూ జారిపోతుంది.

అంబేడ్కర్ రాసిన ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’ 1990లో చిన్న పుస్తకంగా అచ్చయింది. అందులో మొదటి ఘట్టం 1901 నాటిది. సతారా నుంచి తండ్రి ఉద్యోగం చేసే ఊరికి పిల్లలు కొత్తబట్టలు కట్టుకొని, సంబరంగా రైలెక్కి మసూర్ స్టేషన్‌లో దిగుతారు. మీరెవరని స్టేషన్ మాస్టరు అడిగితే, బాలుడు ఆలోచించకుండా మహర్లమని చెబుతాడు. అంతవరకు ఆదరంగా మాట్లాడిన మనిషి ముఖం మారిపోతుంది. రెట్టింపు కిరాయి ఇస్తామన్నా బండివాడు వాళ్ల పక్కన కూర్చోడు. బండి పిల్లలే తోలుకోవాలి. దగ్గర అన్నం ఉంది, తాగడానికి నీళ్లు పుట్టవు. ఆకలితోనే పడుకుంటారు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. అంటరానితనం ఆ బాలుడికి కొత్త కాదు. బడిలో వేరుగా గోనెపట్టా మీద కూర్చోవడం, ప్యూను పోస్తే తప్ప నీళ్లు తాగలేకపోవడం అతనికి అలవాటే. కాని అంతవరకు అదంతా లోకరీతి. ఈ ప్రయాణం తరువాతనే అది ప్రశ్న అయిందని రచయిత స్వయంగా చెప్పుకొన్నాడు. అంటే గాయం లేమివల్ల మాత్రమే కలగలేదు. సంబరంగా ఉన్న పిల్లవాడిని, ఒక్క జవాబుతో, ఎదుటివాడి ముఖంలో చిన్నవాణ్ణి చేసినందువల్ల కలిగింది.

బామ ‘కరుక్కు’ (1992) తమిళంలో వెలువడింది. మూడో తరగతి చదివే బాలిక, తమ వీధి పెద్దాయన ఒకరు తినుబండారాల పొట్లాన్ని చేతితో తాకకుండా దారం పట్టుకొని తేవడం చూసి పగలబడి నవ్వుతుంది. ఇంటికి వచ్చి అన్నతో చెబితే అతను నవ్వడు; కారణం చెబుతాడు. నవ్వు కోపంగా మారుతుంది. ఆ పొట్లం అందుకొన్న ఆసామి ఒక నాయకర్. తమిళనాట ఆ పేరు మన తెలుగు కుటుంబాలకూ ఉంది. కనుక దీనిని పొరుగింటి కథగా చదివి పక్కన పెట్టడం మనకు కుదరదు.

కన్నడంలో సిద్ధలింగయ్య ‘ఊరు కేరి’ దారి వేరు. తండ్రిని ఎద్దులా కాడికి కట్టి దున్నించిన దృశ్యాన్ని చిన్ననాడు చూసిన ఈ రచయిత, పుస్తకమంతా నవ్విస్తూ సాగుతాడు. ఆ హాస్యం చూసి గాయం లేదనుకొనే పాఠకుడు పొరబడతాడు. బామ నవ్వు తెలియకముందు నవ్వు. సిద్ధలింగయ్యది తెలిసిన తరువాత నవ్వు.

సాహిత్యం చూపిన దానిని శాస్త్రం కూడా తన పద్ధతిలో పరీక్షించింది. ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో 642 మంది బడిపిల్లలకు కర్లా హాఫ్, ప్రియాంక పాండే చిక్కుదారి పజిళ్లిచ్చి చూశారు. కులం ప్రస్తావన లేనప్పుడు అగ్రకులాల పిల్లలకూ దళిత పిల్లలకూ తేడా కనబడలేదు. అందరి ఎదుట పేరుతోపాటు కులం ప్రకటించగానే దళిత పిల్లలు వెనుకబడ్డారు. తెలివి అదే, పజిల్ అదే. మారినదల్లా గదిలో వినబడిన మాట. మసూర్ స్టేషన్‌లోని ప్రశ్న ఇక్కడ మళ్లీ వినిపిస్తుంది.

ఆ ప్రశ్న మన తరగతిలోకీ వచ్చింది. తమిళనాట అరుంధతీయులలో చాలామంది ఇంట తెలుగే మాట్లాడతారు. కోయంబత్తూరు వైపు నుంచి వచ్చిన అటువంటి విద్యార్థి ఒకరు, బడిలో పన్నెండేళ్లూ తనకు తెలుగు వచ్చునని చెప్పనేలేదన్నాడు. కారణం అడిగాను. “చెబితే, మీరు ఏ తెలుగువాళ్లని అడుగుతారండీ” అన్నాడు. తెలుగు అనగానే మనకు అభిమానం పొంగుతుంది. అదే తెలుగు అతనికి దాచుకోవలసిన వస్తువయింది. ప్రవాసాంధ్రుల భాషాభిమానం గురించి నేను రాసిన పాత వ్యాసాలలో ఈ తేడాను పట్టించుకోలేదని ఒప్పుకొంటున్నాను.

మరొక పరిమితి కూడా మరువరాదు. ఆత్మకథలు రాసినవారు గాయాన్ని దాటి నిలబడినవారు. అయిదో తరగతిలోనే బడి మానేసినవాడు, మాట తగ్గి మూలకు చేరినది మనకు పుస్తకం ఇవ్వలేదు. అందువల్ల పైకి వచ్చినవారి కథనుబట్టి అవమానం మనిషిని రాటుదేలుస్తుందని తీర్మానించడం విమర్శ కాదు.

చివరగా ఒక వ్యాకరణ విషయం. ‘చిన్నబోవు’ అకర్మకం; ‘చిన్నబుచ్చు’ సకర్మకం. “పిల్లవాడు చిన్నబోయాడు” అన్న వాక్యంలో పిల్లవాడొక్కడే ఉన్నాడు. అది అతని స్వభావమేమో అనిపిస్తుంది. “పిల్లవాణ్ణి చిన్నబుచ్చారు” అనగానే కర్త ఎవరని అడగక తప్పదు. ఈ పుస్తకాలు చదివేటప్పుడు విద్యార్థులు మొదటి వాక్యాన్ని రెండవ వాక్యంగా మార్చి చూడాలని నా కోరిక. కర్త స్థానంలో కొన్నిసార్లు మన ఇంటిపేరే రావచ్చు. వచ్చినా చదవడం ఆపకూడదు.