మెడోస్ టైలరు నవల - దక్కను బాట

ఫిలిప్ మెడోస్ టైలరు (1808–1876) లివర్‌పూలులో జన్మించి, 1824లో భారతదేశమునకు వచ్చి, నిజాము కొలువున సైనికోద్యోగిగాను, సురపుర సంస్థానమున పాలనాధికారిగాను చిరకాలము పనిచేసెను. 1839లో వెలువడిన ‘కన్ఫెషన్స్ ఆఫ్ ఎ థగ్’ ఆతని తొలి నవల. ఆంగ్లపాఠకులకు ఠగ్గుల కథ నెఱిగించిన గ్రంథములలో ఇది ప్రసిద్ధము. దీనిని ఆనాటి దక్కను బాటల చరిత్రకు ఆధారముగా గ్రహింపవచ్చునా యనునది విచారణీయము.

కథానాయకుడు అమీరలీ. తాను 719 మందిని చంపితినని చెఱలో నుండి ఒక దొరకు చెప్పును, దొర వ్రాసికొనును. బాటసారులతో చెలిమి నటించి రుమాలుతో గొంతు బిగించుట ఆతని వృత్తి. తల్లిదండ్రులను చంపినవాని యింటనే పెరిగిన అమీరలీ, తెలియక తన సోదరినే చంపును. ఈ హంతకుని కంఠస్వరమును సహజముగా పలికించుట టైలరు ప్రతిభ. దొర చేయు ధర్మవిమర్శ కంటె వాని మాటయే పాఠకుని పట్టి నిలుపును. అయితే ఈ కథనరీతి ఆనాటి విచారణలలో అప్రూవర్లిచ్చిన వాఙ్మూలముల ననుసరించినది. ప్రాణము దక్కించుకొనుటకు చెప్పిన మాటలో, వినువాడు కోరినది పెరుగుట సహజము. ఠగ్గులందఱు ఒకే మతశాఖకు చెందిన వారను భావమును ఇటీవలి చరిత్రకారులు సంశయించుటకు ఇదియు నొక కారణము.

ఈ నవలకు ఒక యేడు ముందు, 1838లో, ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’ అచ్చయ్యెను. ఆయన 1830లో చెన్నపట్టణము విడిచి కడప, అహోబిలము, శ్రీశైలముల మీదుగా హైదరాబాదు చేరెను. అమీరలీ ముఠా వచ్చినదియు ఆ నగరమునకే. కడపసీమ 1800లోనే కుంపిణీకి దక్కెను. కందనవోలు 1839 వఱకు నవాబు పాలనలో నుండెను. ఈ రెండు పాలనల నడుమ సాగిన వీరాస్వామయ్యకు బాట యనగా మజిలీ, నీటివసతి, అంగడి, సత్రము, యాత్రికులు చెల్లించు సుంకము. బాటలయందు భయము లేకుండెనని మేము చెప్పుటలేదు. ఆ భయముతో పాటు నిత్యజీవనమును అచటనే సాగినదని తెలుగు గ్రంథము తెలుపుచున్నది. నవలలో బాటసారి చంపబడుటకే ప్రవేశించును.

టైలరు దక్కను నెఱుగనివాడు కాడు, దేశభాషలు నేర్చినవాడు. కాని ఎంచుకొన్న కథనరీతి ఆతని చూపునకు హద్దు విధించినది. కావున ఆతని గ్రంథమును నవలగా గౌరవింపవలెను. రాయలసీమ బాటలను గూర్చి పరిశోధించు విద్యార్థులు మాత్రము మొదట వీరాస్వామయ్యను చదివి, పిమ్మట టైలరును చదువుట యుక్తమని మేము తలంచుచున్నాము.